పులికాట్‌లో పీతలు రెండు... పేరు ఒక్కటే!

సూళ్లూరుపేట: పులికాట్ సరస్సులో దొరికే మండపీతలన్నీ ఒకే జాతి కావు. దగ్గరి బంధుత్వమున్న రెండు జాతులు ఒకే పేరుతో చెలామణి అవుతున్నాయి. ఈ తేడాను విస్మరించి నిబంధనలు రూపొందిస్తే ఒకదానికి రక్షణ, మరొకదానికి నష్టం తప్పదు.

తేడా ఇదీ..

పెద్ద రకం ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. కళ్ల మధ్య ముళ్లు ఎత్తుగా, కాళ్లన్నింటిపైనా వలకళ్ల వంటి గుర్తులు కనిపిస్తాయి. ఇది రెండు కిలోలకు మించి పెరగగలదు. చిన్న రకానికి డెక్కలు ఎర్రగా, కళ్ల మధ్య ముళ్లు మొద్దుగా ఉంటాయి. కాళ్లపై గుర్తులుండవు. బురదలో బొరియలు తవ్వుకొని జీవిస్తుంది. నీటిలో ఉప్పు తగ్గినా తట్టుకుంటుంది. చిన్న పరిమాణంలోనే గుడ్లు పెట్టే దశకు చేరుతుంది.

తారుమారైన పేర్లు

పులికాట్ మండపీతల్లో రెండు జాతులున్నాయని జోయెల్, సంజీవరాజ్ 1980లోనే వివరించారు. అప్పట్లో పెద్దదానిని ‘స్కిల్లా ట్రాంక్విబారికా’గా, చిన్నదానిని ‘స్కిల్లా సెర్రాటా’గా పరిగణించారు. 1998లో కీనన్, డేవీ, మాన్ ఈ ప్రజాతిని పునఃపరిశీలించి నాలుగు జాతులుగా నిర్ధారించారు. ఆ తర్వాత భారత్‌లో జరిగిన జన్యు పరీక్షలతో పెద్దదే ‘సెర్రాటా’ అనీ, చిన్నది ‘ఒలివేసియా’ అనీ తేలింది. అంటే పాత గ్రంథాల్లోని ‘సెర్రాటా’, నేడు తమిళనాడులోని రాజీవ్‌గాంధీ జలకృషి కేంద్రం ఉత్పత్తి చేస్తున్న ‘సెర్రాటా’ పిల్లలు ఒకటి కావు. పాత సమాచారాన్ని నమ్మి చెరువులో పిల్లలు వదిలే రైతు ఎదుగుదలను తప్పుగా అంచనా వేసే అవకాశముంది.

సరస్సుకేం సంబంధం?

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో పులికాట్‌లోని ఆంధ్ర భాగం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. రాయదొరువు వంటి ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోవడం ఇక్కడి మత్స్యకారుల చిరకాల సమస్య. గుడ్లు విడిచేందుకు ఆడపీతలు సముద్రానికి వెళ్లాలి కనుక, దారి మూసుకుపోతే రెండు జాతులకూ ముప్పే. అయితే ఉప్పునీటిని కోరుకునే పెద్ద రకానికి దెబ్బ ఎక్కువగా తగులుతుంది. రెండింటినీ కలిపి లెక్కిస్తే ఆ క్షీణత చిన్నరకం దిగుబడి చాటున మరుగున పడిపోతుంది.

పట్టదగిన కనీస పరిమాణం విషయమూ అంతే. చిన్నదానికి సరిపోయే కొలతను పెద్దదానికీ వర్తింపజేస్తే అది ఒక్కసారైనా గుడ్లు పెట్టకముందే బుట్టలో చేరుతుంది. రేవుల్లో రెండింటి దిగుబడినీ విడివిడిగా నమోదు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కాళ్లపై గుర్తులు చూసి వేరుచేస్తే చాలు. సంరక్షణ అక్కడి నుంచే మొదలుకావాలి.