చీర కొంటే పిచ్చి, ఫోన్ కొంటే తెలివా?

ఆడవాళ్లకి కొనే పిచ్చి ఎక్కువ అన్న మాట మన ఇళ్లలో పాతదే. ఇప్పుడు దానికి ‘లైవ్ పిచ్చి’ అని కొత్త పేరు పెట్టారు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఫోన్‌లో చీరల లైవ్ పెట్టుకునే ఇల్లాళ్లు రామచంద్రాపురం క్వార్టర్లలో ఉన్నారు. పాశమైలారంలో షిఫ్ట్ దిగి ఇస్నాపూర్‌లోని అద్దె గదికి చేరాక అదే లైవ్ చూసే అమ్మాయిలూ ఉన్నారు. వీళ్లందరినీ ఒక్క మాటతో కొట్టిపారేసే ముందు, ఆ లైవ్‌లో ఏముందో చూద్దాం.

ఒకామె చీర విప్పి, అంచు చూపించి, కొంగు పరుస్తుంది. చూస్తున్నవాళ్లని పేరు పెట్టి పిలుస్తుంది. ‘‘సుజాత అక్కా, మీ రంగుకి బాగుంటుంది’’ అంటుంది. ‘‘సింగిల్ పీస్, ముందు స్క్రీన్‌షాట్ పంపినవాళ్లకే’’ అంటుంది. వాట్సాప్‌లో ఫొటో, ఫోన్‌పేలో డబ్బు, అంతే. పగలంతా ఇంట్లోనో కంపెనీలోనో పని చెప్పడానికి తప్ప ఎవరూ పేరు పెట్టి పిలవని మనిషికి, ఆ ‘అక్కా’ అన్న పిలుపు ఎంత తియ్యగా ఉంటుందో వేరే చెప్పాలా?

నిజానికి ఇది మనకి కొత్త కాదు. ఒకప్పుడు చీరల మూట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ వచ్చేవాళ్లు. ఒక ఇంటి అరుగు మీద మూట విప్పితే వాడంతా చేరేది. లైవ్ ఆ అరుగునే ఫోన్‌లోకి తెచ్చింది. కానీ మూడింటిని బయటే వదిలేసింది. గుడ్డని చేత్తో పట్టి చూడటం, బేరమాడటం, ‘‘వద్దులే వదినా, ఇలాంటిది నీకు ఉందిగా’’ అని పక్కింటామె చెప్పటం. అంటే ఊరించేది మిగిలింది, ఆపేది పోయింది.

మరి మగవాళ్ల సంగతి? 2014లో షావోమీ కంపెనీ ఫ్లిప్‌కార్ట్‌లో ఫ్లాష్ సేల్ పెట్టినప్పుడు వేల ఫోన్లు సెకన్లలో అయిపోయేవి. ఆఫీసు పని పక్కన పెట్టి గడియారం చూసుకుంటూ కూర్చున్న మగవాళ్లు ఎందరో! దొరికినవాళ్లు ‘‘కొట్టేశా’’ అని చెప్పుకు తిరిగారు. ‘కొద్దిగానే ఉన్నాయి, త్వరపడండి’ అన్న గాలం అక్కడా అదే, ఇక్కడా అదే. కాకపోతే ఆమెకి ఆత్మీయతని ఎర వేస్తారు, అతనికి గెలుపుని ఎర వేస్తారు.

2004లో బ్రిటన్‌లో హెల్గా డిట్‌మార్ బృందం చేసిన పరిశోధన ఇలాంటి తేడానే చూపింది. కొనేటప్పుడు ఆడవాళ్లు నలుగురితో కలవడాన్ని, మనసుకి కలిగే సంతోషాన్ని ఎక్కువ పట్టించుకుంటారట. ఆన్‌లైన్‌లో అది దొరకకపోవడమే అప్పట్లో వాళ్లని వెనక్కి లాగిందట. లైవ్ అమ్మకాలు ఆ లోటునే పూడ్చాయి. అయితే అదుపు తప్పి కొనే జబ్బు మాటేమిటి? 2006లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన కొరాన్ బృందం అచ్చిన లెక్క ప్రకారం అది ఆడవాళ్లలో వందకి 6 మందికి, మగవాళ్లలో 5.5 మందికి ఉంది. తేడా అరశాతం. ఆడజాతి అంతటికీ పిచ్చి ముద్ర వేయడానికి ఇది చాలుతుందా?

నాకు కనిపించే అసలు తేడా కొన్న తర్వాత మొదలవుతుంది. అతను కొన్న ఫోన్ టేబుల్ మీద ఉంటుంది. ఆమె కొన్న చీర బీరువా అడుగున ఉంటుంది. పార్సిల్ పక్కింటికి వస్తుంది, ధర సగం చేసి చెబుతుంది. తన జీతం డబ్బుతో కొన్నా అంతే! బీరంగూడలో మిషన్ కుట్టే ఒకామె పట్టు అని 1,800 రూపాయలకి తెప్పించుకుంటే మెరిసే పాలిస్టర్ వచ్చింది. ఫిర్యాదు చెయ్యమన్నాను. ‘‘వద్దక్కా, ఇంట్ల తెలిస్తే ఇగ ఫోనే ముట్టనియ్యరు’’ అంది. చూశారా? దాచుకుని కొన్న చీర చిరిగినా, రంగు పోయినా నోరెత్తలేం. మోసం చేసేవాడికి మన సిగ్గే పెట్టుబడి.

అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు. లోపమున్న సరుకుని వెనక్కి తీసుకుని, బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో డబ్బు ఇవ్వకపోవడమూ తప్పే. లేని తొందర పుట్టించి కొనిపించడాన్ని 2023 నవంబర్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. ఫిర్యాదుకి 1915కి ఫోన్ చేయవచ్చు. అమ్మినవాళ్లు సూరత్‌లో ఉన్నా, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. డబ్బు తీసుకుని మాయమైతే వెంటనే 1930కి చెప్పాలి. లైవ్ వీడియో లింకు, స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు దాచుకోండి. పార్సిల్ విప్పుతూ వీడియో తీయండి.

ఇక మనం చేసుకోవాల్సింది ఒకటుంది. మన అరుగు మీది పక్కింటి వదినని వెనక్కి పిలుచుకుందాం. నచ్చిన చీర ఫొటో ముందు ఆమెకి పంపి, తర్వాతే డబ్బు కడదాం. ఈలోగా ఎవరో కొనేసుకుంటే కొనుక్కోనివ్వండి, చీరలకేం కరువు! అన్నిటికంటే ముఖ్యంగా, కొన్నది దాచొద్దు. చీర టేబుల్ మీద పెట్టి అసలు ధర చెప్పండి. ఇంట్లో ఎవరైనా మొహం చిట్లిస్తే, ఆ పక్కనే ఉన్న ఫోన్ ధర కూడా అడగండి.