ఒక్క 'ఎస్' దగ్గర సీటు పోగొట్టుకుందామా?

'హీ గో' అనాలా, 'హీ గోస్' అనాలా? ఇంత చిన్న 'ఎస్' అక్షరం మన పిల్లల్ని యూనివర్సిటీ గేటు బయట నిలబెడుతోంది. హాస్టల్ అన్నం తిని, ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల ఇక్కడే తడబడుతుంది. తడబడితే సీటు పోతుంది. సీటు పోతే పిల్లకి పెళ్ళి చేసేస్తారు, పిల్లాడైతే కూలికి పట్నం బస్సెక్కుతాడు. కాబట్టి ఇంగ్లీషు వ్యాకరణం ఉబుసుపోక మాట్లాడుకునే సంగతి కాదు. భూమి ఎట్లా ఉద్యమ విషయమో, కూలిరేటు ఎట్లా ఉద్యమ విషయమో, ఇదీ అట్లాగే ఉద్యమ విషయం.

ముందు పరీక్ష సంగతి చెప్పుకుందాం. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఇంటర్ తర్వాత చేరే కోర్సులకి 2022 నుంచి దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష తెచ్చారు. సి.యు.ఇ.టి. అంటారు దాన్ని. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ కోర్సులకీ అదే దారి అయింది. 2025 పద్ధతి ప్రకారం ఒక్కో సబ్జెక్టుకి 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఒప్పు జవాబుకి 5 మార్కులు, తప్పు జవాబుకి 1 మార్కు కోత. ఇంగ్లీషు పేపర్లో ఒక పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలు అడుగుతారు. ముక్కలు చేసిన వాక్యాన్ని వరసలో పెట్టమంటారు. ఖాళీలో సరైన మాట పెట్టమంటారు. ఒకే అర్థం వచ్చే మాటలు, ఎదురు అర్థం వచ్చే మాటలు అడుగుతారు. అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

"మనకి రిజర్వేషన్ ఉంది గదా, ఇంకేం భయం" అనేవాళ్ళున్నారు. నిజమే, కేంద్ర విద్యాసంస్థల్లో మనకి 15 శాతం, గిరిజనులకి ఏడున్నర శాతం సీట్లు 2006 చట్టంలో రాసి ఉన్నాయి. కానీ ఆ సీట్లని కూడా ఈ పరీక్ష మార్కుల వరసలోనే నింపుతారు. అప్పుడు టౌన్లో ఇంగ్లీషు మీడియం చదివిన మన ఉద్యోగస్తుల పిల్లలు ముందుకెళ్తారు, పేటలో కూలోళ్ళ పిల్ల వెనకబడుతుంది. ఉద్యోగస్తుల పిల్లల మీద మాకు కోపం లేదు. వాళ్ళూ మన పిల్లలే. కూలోళ్ళ పిల్లకి నేర్పే దిక్కు లేకపోవడం మీదే మా కోపం.

ఇంగ్లీషు రాకపోతే తెలివి లేదని మన పిల్లలే నమ్ముతున్నారు. ఈ నమ్మకాన్ని ముందు తన్ని తగలెయ్యాలి. బడి మొహం చూడని మన అమ్మ ఎట్లా మాట్లాడుతుందో వినండి. నేను వెళ్తాను, మేము వెళ్తాం, నువ్వు వెళ్తావు, మీరు వెళ్తారు, వాడు వెళ్తాడు, అది వెళ్తుంది, అవి వెళ్తాయి. మనిషి మారితే క్రియ తోక మారుతుంది. ఇన్ని తోకల్ని ఒక్క తప్పు లేకుండా తిప్పే మనిషిని వ్యాకరణం రాని మనిషంటారా? ఇంగ్లీషులో మామూలు వర్తమానంలో ఆ తోక ఒక్కచోటే వస్తుంది. ఐ గో, యూ గో, వుయ్ గో, దే గో. హీ, షీ, ఇట్ అన్నప్పుడు మాత్రం గోస్. ఏడు తోకలు తిప్పే పిల్లకి ఒక్క తోక బరువా? మీ తెలుగులో ఇది ముందే ఉందమ్మా అని చెప్పే పంతులు దొరకలేదు, అదొక్కటే లోటు.

అందుకే మా మాట ఇది. ఇంగ్లీషు వ్యాకరణాన్ని మన తెలుగులోంచి నేర్పాలి. ఇంగ్లీషు రూల్ని ఇంగ్లీషులోనే కంఠతా పట్టించే చదువు మన పిల్లలకి పనికిరాదు. కొన్ని ఉదాహరణలు చెప్తాం, చూడండి.

'ఎ' ఎక్కడ పెట్టాలి, 'యాన్' ఎక్కడ పెట్టాలి? ఇంగ్లీషు అక్షరాల్ని చూసి పెడితే తప్పుతారు. పలికే శబ్దాన్ని చూడాలి. ఆ మాటని తెలుగు అక్షరాల్లో రాసి చూస్తే గుట్టు తెలిసిపోతుంది. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. 'అవర్' అంటే గంట, అచ్చు, కనక యాన్ అవర్. 'యూనివర్సిటీ' యకారంతో మొదలౌతుంది, హల్లు, కనక ఎ యూనివర్సిటీ. 'ఎమ్మెల్యే' అచ్చు, కనక యాన్ ఎమ్మెల్యే. ఇంగ్లీషు మీడియం పిల్లలు తడబడే చోట మన తెలుగు అక్షరాలే మనకి దారి చూపిస్తాయి.

మనకి 'నుంచి' ఒక్కటే మాట. 1990 నుంచి ఉంటున్నాం అంటాం, పదేళ్ళ నుంచి ఉంటున్నాం అంటాం. ఇంగ్లీషులో ఇవి రెండూ వేరు. మొదలైన సంవత్సరమో, రోజో చెప్తే 'సిన్స్'. గడిచిన కాలం లెక్క చెప్తే 'ఫర్'. సిన్స్ 1990, ఫర్ టెన్ ఇయర్స్. మన 'ఉంటున్నాం'ని చూసి 'ఆర్ లివింగ్' అని రాస్తే అక్కడ మార్కు పోతుంది. మొదలై ఇంకా సాగుతున్న పనికి 'హ్యావ్ బీన్ లివింగ్' అని రాయాలి.

మనం 'బడికి', 'బల్లమీద', 'ఇంట్లో' అంటాం. కి, మీద, లో అనేవి మాట వెనక వస్తాయి. ఇంగ్లీషులో ముందుకొస్తాయి. టు స్కూల్, ఆన్ ది టేబుల్, ఇన్ ది హౌస్. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. ఇంగ్లీషులో కర్త పక్కనే కూర్చుంటుంది. ముక్కలైన వాక్యాన్ని వరసలో పెట్టమన్నప్పుడు ముందు ఎవరు చేశారో వెతకాలి, ఆ పక్కన ఏం చేశారో పెట్టాలి, మిగతావి తర్వాత చూసుకోవాలి. ఈ ఒక్క సూత్రంతో సగం చిక్కు విడిపోతుంది.

ఇంకో సంగతి. దీన్ని పరీక్ష కోసమే కాదు, బతుకు కోసం కూడా నేర్చుకోవాలి. కర్తరి, కర్మణి అని బళ్ళో చెప్తారే, యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్, అది. 'ది ల్యాండ్‌లార్డ్ ఆక్యుపైడ్ ది ల్యాండ్' అంటే భూస్వామి భూమిని ఆక్రమించాడు. దాన్నే తిప్పి 'ది ల్యాండ్ వాజ్ ఆక్యుపైడ్ బై ది ల్యాండ్‌లార్డ్' అంటారు. ఇప్పుడు చివరి మూడు మాటలు కొట్టెయ్యండి. భూమి ఆక్రమించబడింది. ఎవరు ఆక్రమించారు? వాక్యంలో భూస్వామి లేడు. వాక్యం మాత్రం వ్యాకరణం ప్రకారం ఒప్పే! కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో మనవాళ్ళని చంపారు. 'దళితులు చంపబడ్డారు' అని రాస్తే చంపినోడు వాక్యంలోంచి తప్పించుకుంటాడు. వాక్యంలోంచి తప్పించుకున్నోడు కేసులోంచి తప్పించుకోవడం ఎంతసేపు? కాయితం చేతికొస్తే 'బై' ఎక్కడుందో, దాని పక్కన ఎవడి పేరుందో వెతకడం మన పిల్లలు నేర్చుకోవాలి.

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ పని నడిచే భాష ఇంగ్లీషు. చుండూరు కేసులో 2007లో కింది కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు ఇంగ్లీషులోనే ఉంది. అది చదివి, ఇక్కడ ఇట్లా రాశారు, ఇది అన్యాయం అని వేలుపెట్టి చూపించగలిగినవాళ్ళు మన పేటల్లో ఎంతమంది? మన చావు మీద రాసిన కాయితాన్ని మనం చదువుకోలేకపోతే ఎట్లా?

ఇక ఇంగ్లీషు మాటెత్తగానే మీదపడే పెద్దమనుషులున్నారు. తల్లిభాష చచ్చిపోతుందని కన్నీళ్ళు పెట్టుకుంటారు. వాళ్ళ పిల్లలు ఏ బళ్ళో చదువుతున్నారో అడగండి, చాలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో ఇచ్చినప్పుడు ఎంత గోల చేశారో చూశాం. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోల్ని కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టారు. మేము ఇంగ్లీషు మీడియానికి అడ్డం కాదు. కానీ బోర్డు మీద మీడియం పేరు మార్చినంత మాత్రాన పిల్లకి వాక్యం రాదు. చెప్పే పంతులు ఉండాలి, ఆ పంతులికి ఇంగ్లీషు వచ్చి ఉండాలి, తెలుగులో విడమరిచి చెప్పే ఓపిక ఉండాలి. తెలుగుని తిట్టి ఇంగ్లీషు నేర్పేవాడూ, తెలుగు పేరు చెప్పి ఇంగ్లీషు ఆపేవాడూ ఇద్దరూ మన పిల్లకి అన్యాయం చేసేవాళ్ళే.

భాషకి తాళం వెయ్యడం ఈ దేశంలో కొత్త కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ బళ్ళో సంస్కృతం చదువుకుంటానంటే అంటరానివాడని చదవనివ్వలేదు. పార్శీ తీసుకోవాల్సి వచ్చింది. ఆయన ఆగిపోయాడా? తర్వాత సంస్కృతాన్నీ పట్టాడు, ఇంగ్లీషునీ పట్టాడు. 1936లో లాహోర్ సభకోసం కులనిర్మూలన ఉపన్యాసాన్ని ఇంగ్లీషులో రాశాడు. అది చూసి పిలిచినవాళ్ళే బెదిరిపోయి సభ మానుకున్నారు. ఆయన దాన్ని సొంత ఖర్చుతో అచ్చువేసి దేశం మీద పడేశాడు. ఇంగ్లీషు ఆయనకి సోకు కాదు, ఆయుధం. పూలే దంపతులు 1848లో పూనాలో ఆడపిల్లలకి బడి పెట్టినప్పుడు సావిత్రిబాయి మీద పేడ విసిరారు. పేడ విసిరినవాళ్ళకి చదువు విలువ తెలుసు గనకే విసిరారు.

సరే, ఏం చెయ్యాలి? కోచింగ్ సెంటర్లకి వేలకి వేలు పోసే స్థోమత మనకి లేదు. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు అని గోడలమీద రాసేవాళ్ళని నమ్మొద్దు. ప్రతి పేటలో అంబేడ్కర్ భవనమో, కమ్యూనిటీ హాలో, చర్చి వరండానో ఉంది. సాయంత్రం ఒక గంట అక్కడ దీపం వెలగాలి. డిగ్రీ చదివే అక్క ఇంటర్ చదివే చెల్లికి చెప్పాలి. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరే వేళ పెట్టుకోవాలి. రోజుకొక్క రూలు చాలు. ఒక్క రూలు మీద ఇరవై వాక్యాలు, అవి కూడా మన బతుకులోవే రాయించాలి. మా నాన్న ఉదయం పొలానికి వెళ్తాడు, మా అమ్మ నాట్లు వేస్తుంది, మాకు రెండేళ్ళ నుంచి కూలి పెరగలేదు. ఇవి ఇంగ్లీషులో రాయగలిగిన పిల్ల పరీక్షలో ఏ వాక్యమైనా రాస్తుంది. తప్పు రాసిన వాక్యాలకి ఒక నోటుబుక్కు విడిగా పెట్టించండి. వారానికోసారి ఆ బుక్కులోంచే పరీక్ష పెట్టండి. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టి చేయించండి. కంప్యూటర్ మీద రాసే పరీక్షకి మౌసు పట్టుకోవడం కూడా అలవాటు చెయ్యాలి.

మార్కుల లెక్క కూడా నేర్పండి. నాలుగు జవాబుల్లో రెండు తప్పని తేలితే, మిగిలిన రెండిట్లో ఒకటి ధైర్యంగా పెట్టాలి. అట్లాంటివి పది పెట్టి సగం తప్పినా 25 వస్తాయి, 5 పోతాయి, 20 మిగుల్తాయి. భయపడి వదిలేస్తే సున్నా. ఇంకో మాట. ఈ పరీక్ష పెట్టే 13 భాషల్లో తెలుగూ ఉంది. ఏ కోర్సుకి ఏ భాష పేపరు అడుగుతారో యూనివర్సిటీని బట్టి మారుతుంది. దరఖాస్తు వేసేముందు ఆ పుస్తకం చదివి చెప్పే బాధ్యత మన సంఘం కార్యకర్తది. రూల్సు ఏటా మారొచ్చు, ఆ ఏడాది నోటిఫికేషన్ చూడందే ఎవరికీ సలహా చెప్పొద్దు.

మనం చేసుకునేది మనం చేసుకుంటాం. అట్లాగని సర్కారుని వదిలిపెట్టం. 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. మన పేరుమీద వచ్చే డబ్బు మన పిల్లలకే ఖర్చు కావాలి. ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఇంగ్లీషు చెప్పే మనిషిని పెట్టాలి. ప్రవేశ పరీక్షల పాత పత్రాల్ని తెలుగు వివరణతో అచ్చేసి ఉచితంగా పంచాలి. హాస్టల్లో కంప్యూటర్లు పెట్టాలి, అవి వార్డెన్ గదిలో తాళం వేసి ఉండకూడదు. ఈ అర్జీ పట్టుకుని పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసులకి వెళ్ళండి. అర్జీ తెలుగులో ఒకటి రాయండి, ఇంగ్లీషులో ఒకటి రాయండి. ఇంగ్లీషుది మన పిల్లల చేతే రాయించండి. అందులో ఎవరు ఏం చెయ్యలేదో పేరుపెట్టి రాయించండి. కర్త లేని వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు.

జై భీమ్!