టోక్యోలో కాకరకాయ

2023లో మా అబ్బాయి దగ్గరికి టోక్యో వెళ్ళాం. జపాను వంటంటే పచ్చి చేపలేనని మా ఆవిడ అటుకులూ ఆవకాయా మూటగట్టింది. తీరా చూస్తే అక్కడ ప్రాంతానికో వంట, దాని పేరున హోటళ్ళూ! ఒకోనొమియాకి అనే అట్టుకు ఒసాకావాళ్ళు పిండిలోనే క్యాబేజీ కలిపేస్తారు. హిరోషిమావాళ్ళు పొరలుగా పేర్చి నూడుల్స్ పెడతారు. పులుసులో బెల్లం గురించి మనవాళ్ళకున్న తగవులాంటిదే.

ఒక సాయంత్రం ఒకినావా హోటలుకు వెళ్ళాం. 1879 దాకా అది ర్యూక్యూల సీమ, 1972 దాకా అమెరికా పాలన, తిండీ వేరే. పళ్ళెంలో చూద్దును కదా, కాకరకాయ! ‘గోయా’ అంటారు. టోఫూ, గుడ్డు, పందిమాంసంతో వేయిస్తారు. మాంసం వద్దని చెప్పించాం.

మావాడు మారు వడ్డించుకున్నాడు. బరంపురంలో మా అమ్మ కాకరకాయ వేపుడు చేస్తే కంచం ముందునుంచి లేచిపోయినవాడు!

“నాన్నమ్మ గుర్తొస్తే ఇక్కడికొస్తాను నాన్నా” అన్నాడు.

అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆవిడ వేపుడు ఎలా చేసేదో మా ఆవిడ చెబుతుంటే బిల్లు వెనకే రాసుకున్నాడు. తెలుగు రాయడం రాదుగా, ఒడియా అక్షరాల్లో.

“బెల్లం ఎంత?” అని అడిగాడు. అమ్మ ఎప్పుడు కొలిచింది గనక!