అయస్కాంత క్షేత్రం – మన ప్రయోగశాల

ప్రయోగమంటే రికార్డు పుస్తకాన్ని అందంగా నింపడమే అనే భావం మన విద్యార్థులలో నాటుకొని ఉన్నది. ఇది మాకు సమ్మతం కాదు.

1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ఫలితంపై పనిచేసే మూడు కాళ్ల లీనియర్ సెన్సార్, 9 వోల్టుల బ్యాటరీ, దానిని 5 వోల్టులకు దించే 7805 రెగ్యులేటర్, ఒక మల్టీమీటరు: ఇంతే సామగ్రి. అయస్కాంతం చేరువలో లేనప్పుడు మీటరు సుమారు 2.5 వోల్టులు చూపుతుంది. పాత రేడియో స్పీకరు అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే ఒక ధ్రువానికి అంకె పెరుగుతుంది, రెండవదానికి తగ్గుతుంది. గణపవరం చుట్టుపట్ల ఏ రైసుమిల్లులోనైనా ధాన్యంలోని ఇనుప ముక్కలను పట్టే అయస్కాంతం ఉంటే, దాని సత్తువ ఏటేటా తగ్గుతున్నదేమో ఒకే దూరం నుండి కొలిచి చూడవచ్చు.

భూమి క్షేత్రం మాత్రం దీనికి సులభంగా చిక్కదు. మన ప్రాంతంలో అది అర గాస్‌కు లోపే. సెన్సార్‌లో వచ్చే మార్పు ఒక మిల్లీవోల్టుకు కూడా చాలదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వేధశాల 1964 నుండి ఆ క్షేత్రంలోని అతి స్వల్ప మార్పులను నమోదు చేస్తున్నది. ఆ పని ఎంత కష్టమో, స్వయంగా ప్రయత్నించి ఓడిన విద్యార్థికే బోధపడుతుంది.

కమిటీవారికి మా మనవి ఒక్కటే. అద్దాల బీరువాలో తాళం వేసి ఉంచే ఖరీదైన పరికరానికి బదులు ఇద్దరికొక సెన్సార్ ఇప్పించండి. కొన్ని కాలిపోతాయి (కాళ్లు తారుమారుగా కలిపితే మరి తప్పదు). వాటి లెక్క అడగకండి.