వంతెన ఆగుతుంది, తూనీగ ఆగదు

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే మనందరి ఇళ్ళల్లోనూ జరిగేది ఒకటే. సూట్‌కేసులు విప్పి, పచ్చళ్ళ సీసాలు సర్ది, వాళ్ళ జెట్‌లాగ్ తీరీ తీరకముందే కార్లో ఎక్కించి ఊరు చూపించడం. ప్రతిచోటా నిలబెట్టి ఒక ఫోటో. రాత్రికల్లా అది ఫ్యామిలీ గ్రూపులో పడాలి. "బాగా చూసుకుంటున్నాం" అని మనం నోటితో చెప్పకుండా చెప్పే మాట అది. నేనూ అంతే. కాకపోతే నాకు ఫోటోల పిచ్చి కాస్త ఎక్కువ.

పోయిన ఏడాది మే నెలలో మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి పిట్స్‌బర్గ్ వచ్చారు. మావయ్యగారి సంవత్సరీకాలు అయ్యాకే కదిలారు. అంతకుముందు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి వచ్చారు. ఈసారి విమానంలో ఆవిడ ఒక్కరే.

మా ఊరికి మూడు నదులు. అలెగనీ, మనాంగహేలా వచ్చి కలిసి, అక్కణ్ణించి ఒహాయో నది అవుతాయి. ఆ కలిసే కొసనే ఇక్కడివాళ్ళు "పాయింట్" అంటారు. అక్కడో పెద్ద ఫౌంటెన్ ఉంది. పెన్‌హిల్స్‌లో 1976 నుంచి ఉన్న వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే మనవాళ్ళు చాలామంది దర్శనం అయ్యాక ఈ సంగమం కూడా చూసే వెళతారు. నేనూ అత్తయ్యగారిని మొదటి ఆదివారమే తీసుకెళ్ళాను. "అత్తయ్యగారూ, అప్పుడు నిలబడ్డ చోటే నిలబడండి, భలే ఉంటుంది" అన్నాను.

ఆవిడ నిలబడలేదు. "నన్నెందుకులే అమ్మాయ్, నీళ్ళు తియ్యి" అన్నారు. నేను ఊరుకోవచ్చుగా. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నిలబెట్టాను. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. వెలుతురు బాగుంది, ఫౌంటెన్ బాగుంది. ఆవిడ పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అలవాటుకొద్దీ ఆ ఖాళీ వదిలి నిలబడ్డారని ఇంటికొచ్చి చూసుకున్నాక గానీ నాకు తెలియలేదు. దాన్ని గ్రూపులో పెట్టలేదు.

ఆ తర్వాత ఆవిడని ఫోటోలు అడగడం మానేశాను. తెల్లవారుజామున నాలుక్కే లేచి వంటింట్లో చీకట్లో కూర్చుంటున్నారని చూసి, నా ఆఫీసు పని మొదలయ్యేలోపు నది ఒడ్డుకి నడకకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను.

అలెగనీ నదికి ఉత్తరపు ఒడ్డున నార్త్‌షోర్ నడకదారి ఉంది. ఎదురుగా డౌన్‌టౌన్ మేడలు. మధ్యలో ఒకేలాంటి మూడు వంతెనలు, అక్కచెల్లెళ్ళంటారు. 1924, 1928 మధ్య కట్టినవి. మూడింటికీ ఒకటే పసుపు రంగు. మొదటిది బేస్‌బాల్ ఆటగాడు రొబెర్టో క్లెమెంటే పేరు, రెండోది చిత్రకారుడు ఆండీ వార్హోల్ పేరు, మూడోది రేచల్ కార్సన్ పేరు. పురుగుమందుల వల్ల జరిగే చేటు గురించి 1962లో "సైలెంట్ స్ప్రింగ్" రాసిన ఆవిడే. ఇదే అలెగనీ ఒడ్డున, ఎగువనున్న స్ప్రింగ్‌డేల్‌లో 1907లో పుట్టారు. వంతెనకి ఆవిడ పేరు 2006లో పెట్టారు.

అత్తయ్యగారు ఆ వంతెనల్ని చూసి, "గడపకి పసుపు రాసినట్టుందే" అన్నారు. వచ్చాక ఆవిడంతట ఆవిడ అన్న మొదటి మాట అదేనేమో. కాసేపాగి, "మన హేవ్‌లాక్ వంతెన మీద బండి వెళితే ఇల్లంతా వినపడేది" అన్నారు. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచిన వంతెన అది. కాపురానికి ఆవిడ దాని మీదుగానే వచ్చారట.

జూన్ మొదట్లో ఒక పొద్దున్న నేను వంతెన ఫోటో తీస్తున్నాను. జూన్‌లో సూర్యుడు బాగా ఈశాన్యంగా ఉదయిస్తాడు కాబట్టి ఏడింటికల్లా ఆ వెలుగు పసుపు వంతెనల మీదా, డౌన్‌టౌన్ మేడల మొహాల మీదా ఏటవాలుగా పడుతుంది. నీళ్ళు కదలకపోతే కింద ఇంకో వంతెన కనిపిస్తుంది. ఆ నీడ కోసం రాతిమెట్లు దిగి, ఫోను నీటికి దగ్గరగా పెట్టాను.

"అమ్మాయ్, కాలు కదపకు" అన్నారు వెనకనుంచి.

నా చెప్పుకి జానెడు దూరంలో, తడిరాయి మీద బురదముద్ద లాంటి పురుగు ఒకటి పాకుతోంది. నేను బొద్దింకేమో అనుకుని వెనక్కి గెంతబోయాను. అత్తయ్యగారు మాత్రం వంగి చూస్తున్నారు. ఆ పురుగు ఆగింది. రాయిని కాళ్ళతో పట్టుకుంది. కాసేపటికి వీపు మీద చీలిక వచ్చింది. అందులోంచి పాలిపోయిన ఆకుపచ్చ రంగులో ఒక వీపు, పెద్ద కళ్ళ తల, కాళ్ళు బయటికొచ్చాయి.

"తూనీగే!" అన్నారు అత్తయ్యగారు.

తూనీగ గాల్లో బతికేది కొన్ని వారాలే. అసలు జీవితం నీళ్ళలోనే. గుడ్డులోంచి వచ్చిన పిల్ల, జాతిని బట్టి కొన్ని నెలల నుంచి కొన్నేళ్ళ దాకా నీటి అడుగున ఉంటుంది. పది పన్నెండుసార్లు చర్మం మారుస్తుంది. వెనకభాగంలో ఉండే మొప్పలతో ఊపిరి పీలుస్తుంది, అక్కణ్ణించే నీళ్ళు చిమ్మి ముందుకి దూకుతుంది. చివరికి తిండి మానేసి, ఒడ్డెక్కి, ఆఖరి చర్మం విడుస్తుంది. మేం చూసినది క్లబ్‌టెయిల్ అనే కుటుంబానికి చెందినది. నదుల్లో ఉండే ఈ రకాలు చాలావరకు పొద్దునపూటే, నీటికి బాగా దగ్గరగానే బయటికొస్తాయి. గంట అటూ ఇటూగా ఎగిరిపోతాయి. ఆ గంటసేపూ వాటికి ఏ రక్షణా లేదు. పిట్ట తినొచ్చు, చీమ పట్టొచ్చు, స్పీడుబోటు వెళితే లేచే అల కొట్టుకుపోవచ్చు.

ఇవన్నీ తర్వాత చదివి తెలుసుకున్నవి. ఆ పొద్దున్న నాకు కనిపించింది ఒక్కటే: ముందు తూనీగ, వెనక పసుపు వంతెన. ఎంత మంచి ఫోటో! కానీ అది వంతెనకి అడ్డంగా తిరిగి ఉంది. రెక్కలు అప్పుడే తడిగుడ్డ ముడతల్లా తెరుచుకుంటున్నాయి. "ముట్టుకోకే" అని ఆవిడ అంటూనే ఉన్నారు, నేను ఒక ఎండుపుల్ల తీసుకుని మెల్లగా ఇటు తిప్పబోయాను. పట్టు జారి రాయి మీద పక్కకి పడింది. పుల్లతోనే మళ్ళీ నిలబెట్టాను. నిలబడింది. మూడు రెక్కలు విచ్చుకున్నాయి, నాలుగోది మడతపడ్డట్టే ఎండిపోయింది. రెక్క గట్టిపడ్డాక ఇక సరికాదు. ఎనిమిదిన్నర దాకా చూశాం. అది ఎగరలేదు.

కార్లో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంటి దగ్గర దిగుతూ ఆవిడే అన్నారు, "చిన్నప్పుడు మేం తోకకి దారం కట్టి ఎగరేసేవాళ్ళం. అప్పుడెవరూ వద్దనలేదు." నన్ను ఓదార్చడానికే అన్నారు. నాకు మాత్రం పాయింట్ దగ్గర చెయ్యి పట్టుకుని ఆవిడని నిలబెట్టడం గుర్తొచ్చింది. అప్పుడూ నా ఫోటోకి సరిపడేలా తిప్పడమేగా చేశాను.

మర్నాడు ఆవిడ నాకన్నా ముందే చెప్పులేసుకుని తలుపు దగ్గర ఉన్నారు. ఆ తర్వాత ఎండ కాసిన ప్రతి పొద్దున్నా వెళ్ళాం. ఒకరోజు రెండు కనిపించేవి, ఒకరోజు ఏడు. ఆవిడ ఒక పద్ధతి పెట్టారు. నేను కింద మెట్టు మీద ఫోటో తీస్తుంటే, ఆవిడ పైమెట్టు మీద నిలబడి, పరుగు తీసేవాళ్ళెవరైనా దిగబోతే చెయ్యి అడ్డంపెట్టి "ప్లీజ్, బేబీ" అనేవారు. వాళ్ళు ఆగి చూసేవారు. ఒక పెద్దాయన ప్రతిరోజూ వచ్చి "హౌ మెనీ టుడే?" అని అడగడం మొదలుపెట్టాడు. ఈవిడ వేళ్ళు చూపించేవారు.

ఉక్కు కర్మాగారాల రోజుల్లో ఈ ఊళ్ళో పొగకి పట్టపగలే వీధి దీపాలు వెలిగించేవారు. ఆ నది అడుగున ఇన్నాళ్ళు బతికి, ఒక ప్రాణి రెక్కలతో బయటికొస్తోందంటే, ఎవరో ఎక్కడో చాలాకాలం ఓపిక పట్టారన్నమాట.

మీ ఊళ్ళో నది ఉంటే మీరూ వెళ్ళండి. వంతెన ఎక్కడికీ పోదు. పొగమంచుంటే రేపు తీసుకోవచ్చు, వచ్చే ఏడాది తీసుకోవచ్చు. తూనీగకి మాత్రం మనమే దాని టైముకి వెళ్ళాలి. మే, జూన్ నెలల్లో, ఎండ వచ్చిన పొద్దున్న, నీటి అంచున రాళ్ళూ గడ్డీ వెతకండి. ముందు ఖాళీ కుబుసాలు కనిపిస్తాయి. అవి ఉన్నచోట మర్నాడు ఇంకా రావచ్చు. అడుగు చూసి వేయండి. ఫ్లాష్ వద్దు, దాని మీద మీ నీడ పడనివ్వద్దు. పక్కనుంచి తీస్తే రెక్కలు పూర్తిగా కనిపిస్తాయి. వంతెన కూడా పడాలంటే దాన్ని కాదు, మీరే కదిలి చోటు వెతుక్కోండి. కుదరకపోతే వంతెన లేకుండానే తీసుకోండి.

జూన్ ఆఖర్లో ఒక పొద్దున్న తూనీగ ఒక్కటీ రాలేదు. అత్తయ్యగారు మెట్టు మీంచి ఒక కుబుసం తీసి అరచేతిలో పెట్టుకున్నారు. కాళ్ళు, కళ్ళ గుంటలు, వీపు మీద చీలిక, అన్నీ అలాగే ఉన్నాయి. "ఇదిగో, ఇలా తియ్యి" అన్నారు.

ఫోను నీటివైపు తిప్పాను, కుబుసమే తియ్యమంటున్నారనుకుని. "నన్ను కూడానే" అన్నారు.

అందులో ఆవిడ నవ్వలేదు. చేతిలోకి చూసుకుంటున్నారు. వెనక వంతెన మసగ్గా ఉంది. గ్రూపులో పెట్టగానే ఆడపడుచు అడిగింది, "అమ్మా, చేతిలో ఏవిటది?" అని. ఆవిడ నా ఫోను తీసుకుని, గదిలోకి వెళ్ళి, మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టారు. ఏం చెప్పారో నేను వినలేదు.

అక్టోబర్‌లో ఆవిడ వెళ్ళిపోయారు. కుబుసం మా వంటింటి కిటికీలో, ఖాళీ మాత్రల సీసాలో ఉంది. ఈమధ్య ఫోను చేసినప్పుడల్లా ముందు పిల్లల గురించి అడుగుతారు, తర్వాత నది గురించి.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.