తాళం తప్పిందెవరు?

మొన్న మా పాఠశాల వార్షికోత్సవంలో ఒక మంచి పాట చెడిపోయింది. గిటారు వాయించిన పదో తరగతి అబ్బాయిని నేను అందరి ముందే కోప్పడ్డాను. "తాళజ్ఞానం లేనివాడివి స్టేజీ ఎందుకెక్కావోయ్?" అన్నాను. ముప్పై ఏళ్లుగా సైన్సు చెబుతున్నవాణ్ణి, కొలవకుండానే తీర్పు చెప్పేశాను.

జరిగింది ఇది. కీబోర్డులోని రిథమ్ నిమిషానికి 120 దెబ్బల చొప్పున మోగుతోంది. అబ్బాయి కాలి దగ్గర లూపర్ పెడల్ అనే చిన్న పెట్టె ఉంది. దాన్ని ఒకసారి తొక్కితే గిటారు శబ్దాన్ని రికార్డు చేసుకోవడం మొదలుపెడుతుంది. రెండోసారి తొక్కితే రికార్డింగు ఆపి, విన్నదాన్నే మొదటినుంచి మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పూర్వం టేపు ముక్క రెండు కొసలూ అతికించి, రింగులా తిప్పి ఈ పని చేసేవారు. ఇప్పుడు శబ్దం అంకెలుగా మారి పెట్టెలోని మెమరీలో ఉంటుంది. ఒక్కడే ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపించవచ్చన్నమాట.

పల్లవి బాగానే నడిచింది. మొదటి చరణానికి గిటారు కొంచెం వెనకబడింది. రెండో చరణానికి రిథమ్ ఒక దారి, గిటారు ఒక దారి. పాడే అమ్మాయి దేన్ని పట్టుకోవాలో తెలియక ఆగిపోయింది.

సోమవారం ఆ అబ్బాయి ఒక గ్రాఫు కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చాడు. ఎవరో ఫోనులో రికార్డు చేసిన పాటను కంప్యూటరులో పెట్టి, ఒక్కో ఆవృత్తిలో గిటారు మొదటి దెబ్బ రిథమ్ మొదటి దెబ్బకన్నా ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలిచాడట. మొదటి ఆవృత్తిలో సుమారు 20 మిల్లీసెకన్లు. అయిదో దానిలో 100. పదో దానిలో 200. చుక్కలు కలిపితే చక్కని సరళరేఖ!

ఆ గీతను చూశాక నాకు మాట రాలేదు. ఎందుకో మీరే ఆలోచించండి. తాళం తెలియనివాడు వాయిస్తే చుక్కలు ఎలా పడాలి? ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి, చెల్లాచెదురుగా పడాలి. సరళరేఖ వచ్చిందంటే ప్రతి ఆవృత్తికీ ఒకే తేడా కలుస్తోందని అర్థం. అబ్బాయి తప్పు చేసింది ఒక్కసారే. దాన్ని నమ్మకంగా పదేపదే అప్పజెప్పింది పెడల్.

లెక్క చూడండి. వాడు రికార్డు చేసింది 16 దెబ్బలు, అంటే సరిగ్గా 8 సెకన్లు. రెండోసారి తొక్కేటప్పుడు కాలు సెకనులో యాభయ్యో వంతు ఆలస్యమైంది. కంటి రెప్పపాటుకైనా అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది! లూపు 8.02 సెకన్లయింది. 25 ఆవృత్తులకు తేడా అర సెకను, అంటే ఒక పూర్తి దెబ్బ. అందుకు మూడు నిమిషాల ఇరవై సెకన్లు చాలు. తమాషా ఏమిటంటే, అప్పుడు దెబ్బలు మళ్లీ ఒకదానిమీద ఒకటి పడతాయి గాని, ఒకటో దెబ్బ పోయి రెండోదాని మీద కూర్చుంటుంది. చెవికి మరీ ఘోరంగా వినిపించేది సగం దారిలో, పన్నెండు పదమూడు ఆవృత్తుల దగ్గర.

"రెండు యంత్రాల గడియారాల్లో తేడా ఉండవచ్చు కదా?" అని అడిగాను. పది లక్షలకు 50 వంతుల తేడా ఉందనుకున్నా, 200 సెకన్లకు 10 మిల్లీసెకన్లే అవుతుంది. నేరం గడియారాలది కాదు.

దీనికి మందు 1983 నుంచీ ఉంది. డేవ్ స్మిత్ అనే అమెరికన్, ఇకుతారో కాకెహాషి అనే జపానీయుడు చొరవ తీసుకోగా, వేర్వేరు కంపెనీల వాద్యాలు మాట్లాడుకునేందుకు మిడి అనే ఉమ్మడి భాష ఏర్పడింది. అందులో నాయక యంత్రం ఒక్కో దెబ్బకు 24 టిక్కులు పంపుతుంది. ప్రతి టిక్కూ 248 అనే ఒకే ఒక్క సంఖ్య. వేగం ఎంతో అందులో రాసి ఉండదు. టిక్కుకూ టిక్కుకూ మధ్య ఎడాన్ని చూసి వినేవాడే తెలుసుకోవాలి. టిక్కులు వింటే వేగం తెలుస్తుంది గాని ఒకటో దెబ్బ ఎక్కడో తెలియదు. దానికి 250 అనే "మొదలుపెట్టు" సంకేతం వేరే ఉంది. తీగలో ఒక్కో సంకేతం నడవడానికి సెకనులో 0.00032 వంతు పడుతుంది. వేరే సందేశం మధ్యలో ఉన్నా సరే, అంబులెన్సులాగా టిక్కు దూరిపోవచ్చు.

మన 8 సెకన్లకు 384 టిక్కులు. పెడల్ బయటి గడియారాన్ని వింటూ ఉంటే, కాలు కాస్త అటూ ఇటూ అయినా లూపును 384వ టిక్కు దగ్గరే ముగించగలదు. ప్రతి ఆవృత్తినీ ఆ టిక్కులతో సరిచూసుకుంటే తేడా పేరుకోదు. మొదట ఒకసారి సరిచూసుకుని వదిలేయడం వేరు, దారిపొడవునా సరిచూసుకోవడం వేరు. మనం గోడ గడియారాలతో చేసేది మొదటిదే.

మర్నాడు ఆ గ్రాఫును నల్లబల్ల మీద గీసి, తరగతి ముందే నా మాట వెనక్కి తీసుకున్నాను. ఇంకో మాట కూడా చెబుతాను, తోటి ఉపాధ్యాయులకు నచ్చకపోవచ్చు. లోలకం ప్రయోగంలో 20 డోలనాలు కొలిచి 20తో భాగించమంటాం. పొరపాటు 20వ వంతుకు తగ్గుతుందని చెప్పం. అదే పొరపాటు లూపులో పడితే 20 రెట్లవుతుందని అసలే చెప్పం. పిల్లలు పుస్తకంలోని జవాబే రికార్డులో రాసి మార్కులు తెచ్చుకుంటారు. దానికి బదులు ఇంట్లో రెండు గడియారాల మధ్య తేడాను పదిహేను రోజులు రాసి గ్రాఫు గీయమంటే నేర్చుకునేది ఎక్కువని నా అభిప్రాయం. సిలబసులో లేదంటారు. ఉన్నవాటినే చేయించడం లేదు గదా!

మిడి తీగ వచ్చింది. కీబోర్డులో క్లాకు పంపమని, పెడల్‌లో బయటి క్లాకు వినమని అమర్చారు. పాట చివరిదాకా రెండూ కలిసే నడిచాయి. కొత్త తగువు ఇప్పుడు మొదలైంది. చరణం చివర వేగం తగ్గించాలని పాడే అమ్మాయి కోరిక. కీబోర్డు ఆమె మాట వినదు. టిక్కులు మనిషి చేతి నుంచి రావాలని నేనంటాను. అప్పుడు టిక్కులే వణుకుతాయి, పైగా రికార్డయిన గిటారును సాగదీయడం అన్ని పెడల్సుకూ చేతకాదు అంటాడు అబ్బాయి. శనివారం మృదంగం వాయించే కుర్రాడికి టాప్ బటన్ ఇచ్చి చూద్దామనుకున్నాం. గ్రాఫు కాగితాలు నేనే కొని తెస్తానన్నాను.