బుడగలేం చేశాయండీ!

చేపల తొట్టిలో నాలుగు బుడగలు కనిపించగానే చెప్పులేసుకుని బజారుకు బయలుదేరే మగమహారాజులందరి మీదా నాకు కోపంగా ఉంది. వాళ్ళలో మావారు ప్రథములు. ఇంటిగుట్టు రచ్చకెక్కించానని ఆయన అలిగినా సరే, ఈ సంగతి చెప్పి తీరవలసిందే.

మాది సూర్యాపేట. సముద్రం చూడాలంటే విజయవాడ మీదుగా బందరు దాకా దాదాపు 200 కిలోమీటర్లు వెళ్ళాలి. మాకు దగ్గర్లో ఉన్న సాగరమల్లా నాగార్జునసాగరమే. 1967లో దాని కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ వైపు పొలాలను తడుపుతోంది. అది మంచినీళ్ళ సాగరం. అలాంటి చోట మావారు ముచ్చటపడి హాల్లో ఉప్పునీళ్ళ తొట్టి పెట్టించారు. ఫిల్టరు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల చొప్పున ప్యాకెట్టు ఉప్పు కలిపితే అదే మన సముద్రం. అందులో తెల్లచారల నారింజరంగు క్లౌన్ చేపలు రెండు.

ముచ్చట ఆయనది, చాకిరీ నాది. అది మామూలే కదా!

మొన్న మే నెలలో నాలుగు రోజులు పెళ్ళికి వెళ్ళొచ్చేసరికి తొట్టినిండా ఉప్మారవ్వ చల్లినట్టు సన్నటి బుడగలు. చేపలు మసకమసగ్గా కనిపిస్తున్నాయి. మావారు కోదాడలో ఉన్న మా తమ్ముడికి ఫోను చేశారు. "పంపు చిన్నదై ఉంటుంది బావా, పెద్దది వేయించండి" అన్నాడు వాడు. పెద్దది వచ్చింది. బుడగలు రెట్టింపయ్యాయి. ఈసారి దుకాణం అతను ఒక మందుసీసా ఇచ్చాడు. నాలుగు చుక్కలు వేశారో లేదో, స్కిమ్మరు నురుగు పొంగి గచ్చంతా ఉప్పు!

స్కిమ్మరంటే ఏమిటో అనుకోకండి. బెల్లంపాకం కాగేటప్పుడు పైకి తేలిన మడ్డిని మనం గరిటెతో తీసేస్తాం చూశారూ, ఆ పనే. నీళ్ళలోకి గాలిని చిలికి సన్నటి బుడగలు చేస్తుంది. చేపల జిగురూ మలినమూ వాటికి అంటుకుని నురుగై పైనున్న గిన్నెలోకి పోతాయి. మంచినీళ్ళలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై టక్కున పైకి పోతాయి. ఉప్పునీళ్ళలో అంత తేలిగ్గా కలవవు. సన్నగానే ఉండి నీళ్ళలో తిరుగుతాయి. అంటే ఆ యంత్రం బతికేదే బుడగల మీద. వాటి చోట అవి ఉంటే మేలు. చేపలుండే చోటికి వచ్చాయంటే గాలి ఎక్కడో దొంగదారి పట్టిందన్నమాట.

ఆ దారి కనిపెట్టింది మిర్యాలగూడ దగ్గర వ్యవసాయం చేసుకునే మా అక్క. అదీ ఫోన్లో!

"ఏందే చెల్లె, మా బావి మోటరు గాలి గుంజినప్పుడు గిట్లనే బుస్సుబుస్సుమని నురుగనీళ్ళు పోస్తది. అడుగున నీళ్ళున్నయో లేవో చూసినవా?"

తొట్టి కింది బీరువా తలుపు తీసి చూశాను. పంపు ఉండే అరలో నీళ్ళు రెండంగుళాలు దిగిపోయాయి. పంపు మూతి దగ్గర చిన్న సుడి తిరుగుతూ గుటకగుటకగా గాలి మింగుతోంది. మే ఎండ, పైన రాత్రింబవళ్ళు తిరిగే ఫ్యాను. నేను లేని నాలుగు రోజులూ చెంబెడు నీళ్ళు పోసిన నాథుడు లేడు. పెద్ద పంపు పెట్టేసరికి ఆ అర ఇంకా ఖాళీ అయింది. అంతే!

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నా తప్పూ ఒకటుంది. సముద్రపు చేపలు కదా అని ఇన్నాళ్ళూ నేను ఉప్పు కలిపిన నీళ్ళే పోస్తున్నాను. అదే అంటే అక్క నవ్వింది. "చారు మరిగి చిక్కబడితే ఉప్పేస్తవా, నీళ్ళు పోస్తవా?" అంది. నిజమే! ఆవిరయ్యేది నీళ్ళు, ఉప్పు ఎక్కడికీ పోదు. కొలిచి చూస్తే 1.025 దగ్గర ఉండవలసిన సాంద్రత 1.029కి ఎక్కి కూర్చుంది. ఒక్కసారిగా దించితే చేపలు తట్టుకోలేవు. రోజూ కాస్త ఉప్పునీరు తీసి కాస్త మంచి ఫిల్టరు నీరు పోస్తూ వారం పైన పట్టింది. బుడగలే లేకపోతే నేను ఆ తలుపు తీసేదాన్నా? వాటిని తిట్టి ఏం లాభం!

"బుడగలంటే ఆక్సిజను, మంచిదేగా" అని వాదించేవారున్నారు. చేపలకు కావలసిన గాలి చాలావరకు నీటి పైభాగం కదలికతోనే అందుతుంది. ఈ రవ్వబుడగల వల్ల ఒరిగేదేమీ లేదు. "బుడగలతో చేపలు చస్తాయి" అని హడలగొట్టేవారూ ఉన్నారు. మామూలుగా వాటివల్ల చూపుకి ఇబ్బందే తప్ప పెద్ద ముప్పు లేదు. ముప్పల్లా వాటి వెనకున్న కారణంలోనే ఉంటుంది. ఆ కారణం దుకాణంలో దొరకదు.

కనక డబ్బు తీసేముందు నాలుగు సంగతులు చూడండి. అడుగు అరలో నీళ్ళు తగ్గాయా? పంపులోకి నీరు వెళ్ళే గొట్టం అతుకు వదులైందా? పైనుంచి దిగే గొట్టం కొన నీళ్ళలో మునిగి ఉందా, లేక ఎత్తునుంచి ధారగా పడుతోందా? స్కిమ్మరు కొత్తదా? కొత్తదైతే కొన్నాళ్ళు బుడగలు కక్కుతుంది, దాని మానాన దాన్ని వదిలెయ్యండి. ఏదీ తేలకపోతే స్కిమ్మరును కాసేపు ఆపి చూడండి. బుడగలు ఆగాయంటే దొంగ దొరికినట్టే. వీటిలో ఒక్కదానికీ పైసా ఖర్చు లేదు.

ఇన్ని ఫోన్లు చేసిన మావారు రోజూ ఆ తొట్టి తుడిచే మనిషిని మాత్రం ఒక్కమాట అడగలేదు. "నీకేం తెలుసు, ఇది మిషను వ్యవహారం" అన్నారు. మోటారు ఎప్పుడు గాలి గుంజుతుందో మా అక్కకు తెలుసు. చారులో ఉప్పెప్పుడు ఎక్కువవుతుందో మనందరికీ తెలుసు. ఇంతకు మించిన మిషను వ్యవహారం ఆ బీరువాలో ఏముందండీ?

ఇప్పుడా అర అద్దం మీద నా గోళ్ళరంగుతో ఎర్రగీత ఒకటి గీశాను. నీళ్ళు ఆ గీత దిగకుండా పొద్దున్నే పోసే బాధ్యత మావారిది. పెద్దపంపు అటక మీద అట్టపెట్టెలో భద్రంగా ఉంది. మళ్ళీ ఊరెళ్ళవలసి వస్తే ఆ గీతను ఫొటో తీసి పంపమని చెప్పే వెళతాను.